ఆల్చిప్ప లార్వాలకు సూక్ష్మ శైవలాల మేత

హేచరీలో పుట్టిన ఆల్చిప్ప లార్వా తొలిసారి నోరు తెరిచిన నాటి నుంచి ఏదో ఒక గట్టి ఆధారానికి అతుక్కుని పిల్ల ఆల్చిప్పగా మారేదాకా తినేది దాదాపు పూర్తిగా ఏకకణ శైవలాలనే. విడివిడిగా కంటికి కనిపించని ఈ కణాలు నీటికి మాత్రం తేనె రంగో పచ్చరంగో తెస్తాయి. హేచరీ సిబ్బంది వీటిని 'ఆల్గే' అనే పిలుస్తారు. తినే ఆల్చిప్పలకైనా ముత్యపు చిప్పలకైనా ఇదే మేత. లార్వా పెరిగేకొద్దీ ఏ రకం శైవలాన్ని, ఏ పరిమాణంలో, ఎంత సాంద్రతలో ఇవ్వాలన్న విషయం మీద దాదాపు వందేళ్ల పరిశోధన నడిచింది. హేచరీ అనగానే లార్వాల తొట్లే అందరికీ గుర్తొస్తాయి గానీ, అక్కడి జయాపజయాలు ఎక్కువగా ఆల్గే గదిలోనే తేలిపోతాయి. ఈ వ్యాసం అందుకే తొట్టెతో పాటు ఆ గదిని కూడా వివరంగా చూస్తుంది.

లార్వా దశలు, తిండి తినే తీరు

పసిఫిక్ ఆల్చిప్ప, అమెరికా తూర్పు తీరపు ఆల్చిప్ప, మన తీరాల్లో దొరికే క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ మూడూ గుడ్లను, వీర్యాన్ని నేరుగా నీటిలోకి వదిలేస్తాయి. ఫలదీకరణ నీటిలోనే జరుగుతుంది. ఒక్క పెద్ద ఆడ ఆల్చిప్ప కోట్ల గుడ్లు వదలగలదు. గుడ్డు వ్యాసం సుమారు 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. కొన్ని గంటల్లో అది సన్నని వెంట్రుకల్లాంటి శైలికలతో గిరగిరా తిరిగే ట్రోకోఫోర్ అనే తొలి లార్వా అవుతుంది. ఒక రోజు గడిచేసరికి రెండు చిన్న పెంకులు ఏర్పడతాయి. వాటి మడత అంచు తిన్నగా, మిగతా అంచు గుండ్రంగా ఉండి ఇంగ్లిషు డి అక్షరాన్ని పోలి ఉంటుంది కాబట్టి ఈ దశకు డి-లార్వా అని పేరు. పొడవు 70 మైక్రాన్ల పైచిలుకు.

వారం తిరిగేలోపు మడత దగ్గర బొడిపె లేస్తుంది. దాన్ని అంబో దశ అంటారు. నీటి వేడిమిని, మేతను బట్టి రెండు మూడు వారాలకు లార్వా 300 మైక్రాన్లు దాటుతుంది. పెంకులోంచి నల్లని కంటి చుక్క కనిపిస్తుంది, పాకడానికి చిన్న పాదం వస్తుంది. ఇక అతుక్కోవడానికి చోటు వెతుక్కోవడమే తరువాయి.

లార్వా ఈదడానికీ తినడానికీ ఒకే అవయవం ఉంది. పెంకుల మధ్య నుంచి గొడుగులా విచ్చుకునే దాన్ని వీలమ్ అంటారు. దాని అంచున రెండు వరుసల శైలికలు ఎదురెదురుగా కొట్టుకుంటూ నీటిలోని కణాలను మధ్య గాడిలోకి నెడతాయి. ఆ గాడి గుండా కణాలు నోటికి చేరతాయి. డి-లార్వా నోరు పది మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది. రెండు నుంచి ఎనిమిది మైక్రాన్ల కణాలు దానికి చక్కగా పడతాయి. అంతకు పెద్దవి నోట్లో పట్టవు. మరీ చిన్నవాటిని శైలికలు పట్టుకోలేవు. ఆహారం ఎంపికలో మొదటి షరతు ఈ కొలతే.

రెండో షరతు జీర్ణం. కణం చుట్టూ గట్టి గోడ ఉంటే లార్వా దాన్ని మింగినా, అది చెక్కుచెదరకుండా అటునుంచి బయటికి వచ్చేస్తుంది. క్లోరెల్లా, నానోక్లోరోప్సిస్‌లు పెంచడానికి సులువు, పరిమాణమూ సరిపోతుంది. అయినా చిన్న ఆల్చిప్ప లార్వాలకు అవి మంచి మేత కాలేకపోవడానికి ప్రధాన కారణం ఈ గోడే.

మూడో షరతు పోషక విలువ. లార్వాకు ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే పొడవైన గొలుసు కొవ్వు ఆమ్లాలు తప్పనిసరి. ఆల్చిప్పలు వీటిని తమంతట తాము చాలినంత తయారు చేసుకోలేవు. స్టెరాల్‌ల విషయమూ అంతే. డునాలియెల్లా అనే పచ్చని శైవలానికి గట్టి గోడ లేదు, సులువుగా అరుగుతుంది. కానీ అందులో ఈ రెండు కొవ్వు ఆమ్లాలూ లేవు. దాని మీదే పెంచిన లార్వాలు కడుపు నిండా తిని కూడా ఎదుగుదల లేక కుంటుపడతాయి.

మేత కోసం సాగిన అన్వేషణ

అమెరికా జీవశాస్త్రవేత్త విలియం కీత్ బ్రూక్స్ 1870ల చివర్లో మేరీలాండ్ తీరంలో తూర్పు ఆల్చిప్ప గుడ్లను కృత్రిమంగా ఫలదీకరించాడు. అక్కడి ఆల్చిప్పలు యూరప్ ఆల్చిప్పల్లా పిల్లలను పెంకులో దాచుకోవని, అంతా నీటిలోనే జరుగుతుందని నిరూపించాడు. కానీ ఆ లార్వాలను తొలి దశలు దాటించలేకపోయాడు. వాటిని నీటిలో బతికించి ఉంచడమూ, ఏం తింటాయో తెలుసుకోవడమూ అప్పటికి ఎవరికీ చేతకాని పనులు. 1920 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలో విలియం ఫర్త్ వెల్స్ మరో దారి పట్టాడు. సముద్రపు నీటిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పెద్ద జీవులను తీసేసి, మిగిలిన సూక్ష్మ కణాలను లార్వాలకు ఇచ్చాడు. లార్వాలు అతుక్కునే దశ దాకా వచ్చాయి. తర్వాత జోసెఫ్ గ్లాన్సీ ఆ పద్ధతికి మెరుగులు దిద్దాడు. వడకట్టిన నీటిని ఎండ తగిలే చోట ఉంచి, సహజంగా పెరిగిన శైవలాలనే వాడే ఈ వెల్స్-గ్లాన్సీ పద్ధతి లాంగ్ ఐలండ్ తీరంలో చాలా ఏళ్లు నడిచింది. దాని బలహీనత ఒక్కటే: ఆ రోజు నీటిలో ఏ శైవలం పెరుగుతుందో చెప్పలేం.

ఏ కణం తిండిగా పనికొస్తుందో ఒక్కొక్కటిగా తేల్చాలంటే ఒకే జాతిని విడదీసి శుద్ధంగా పెంచాలి. ఆ పని బ్రిటన్‌కూ ఐర్లండ్‌కూ నడుమనున్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో, పోర్ట్ ఎరిన్ పరిశోధనశాలలో జరిగింది. అక్కడి చేపల కొలను నీటి నుంచి మేరీ పార్క్ అనే శైవల శాస్త్రవేత్త బంగారు గోధుమ రంగు కశాభజీవిని, అంటే కొరడాల్లాంటి తోకలతో ఈదే ఏకకణ జీవిని, వేరు చేసింది. దానికే తర్వాత ఐసోక్రైసిస్ గాల్బానా అని పేరు పెట్టారు. బ్రూస్, నైట్ అనే పరిశోధకులు, పార్క్ కలిసి ఆ శైవలంతో యూరప్ ఆల్చిప్ప లార్వాలను పెంచిన ఫలితాలను 1940లో ప్రకటించారు. ఎనిమిది దశాబ్దాలు గడిచినా ఐసోక్రైసిస్ ఈనాటికీ ప్రపంచ హేచరీల్లో వాడుకలో ఉంది.

యూరప్ ఆల్చిప్పతో ఈ విజయం ముందుగా రావడానికి ఆ జాతి స్వభావం కూడా తోడ్పడింది. అది లార్వాలను కొన్ని రోజులు తన పెంకులోనే దాచుకుని, సుమారు 170 మైక్రాన్ల సైజులో బయటికి వదులుతుంది. అంటే పరిశోధకుల చేతికి వచ్చేసరికే అవి మొదటి గండం దాటి ఉన్నాయి. 70 మైక్రాన్ల డి-లార్వాతో మొదలుపెట్టాల్సిన జాతుల విషయంలో పని మరింత కష్టమైంది. జపాన్‌లో తకేవో ఇమాయ్ బృందం 1940ల్లో మోనాస్ అనే రంగులేని కశాభజీవులను మేతగా ఇచ్చి పసిఫిక్ ఆల్చిప్ప లార్వాలను పెంచింది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని మిల్ఫర్డ్ ప్రయోగశాల విక్టర్ లూసనాఫ్, హ్యారీ డేవిస్‌ల చేతుల్లో ఈ రంగానికి కేంద్రమైంది. డేవిస్, రాబర్ట్ గిలార్డ్ కలిసి 1958లో పది రకాల సూక్ష్మజీవులను పక్కపక్కనే పరీక్షించారు. గోడలేని కశాభజీవులైన ఐసోక్రైసిస్, అప్పట్లో మోనోక్రైసిస్ అని పిలిచిన పావ్లోవా ఉత్తమమని, ఒకే రకం కంటే కలిపి ఇస్తే ఎదుగుదల బాగుంటుందని తేల్చారు. మిశ్రమ మేత అన్న సూత్రం అక్కడి నుంచే స్థిరపడింది.

గిలార్డ్ పేరు హేచరీల్లో మరో కారణంగా రోజూ వినబడుతుంది. శైవలాలను పెంచే పోషక ద్రావణానికి ఆయన, సహ పరిశోధకుడు రైథర్ కలిసి 1962లో ప్రచురించిన 'ఎఫ్' మాధ్యమమే ఆధారం. దాన్ని సగానికి పలుచన చేసిన ఎఫ్/2 మాధ్యమం ప్రపంచమంతా వాడకంలో ఉంది. బ్రిటన్‌లో ఇలాంటి మాధ్యమాన్ని రూపొందించినవాడు వేల్స్‌లోని కాన్వీ కేంద్రంలో పనిచేసిన పీటర్ వాల్న్. మన దేశపు ప్రయోగశాలల్లో కాన్వే మీడియం పేరుతో కలిపేది అదే.

వాడుకలో ఉన్న శైవలాలు

సముద్రంలో వేల జాతుల సూక్ష్మ శైవలాలున్నా హేచరీల్లో నిలదొక్కుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. ఉష్ణమండలపు వేడికి తట్టుకునేది టైసోక్రైసిస్ లూటియా. తహితి దీవి నీటి నుంచి వేరు చేసిన ఈ రకాన్ని హేచరీల్లో చాలాకాలం తహితి ఐసోక్రైసిస్ అన్నారు. 2013లో దాన్ని వేరే ప్రజాతిగా గుర్తించి కొత్త పేరు పెట్టారు. నాలుగైదు మైక్రాన్ల కణం, గోడ లేదు, డి.హెచ్.ఎ. సమృద్ధి. లోపం ఇ.పి.ఎ.లో ఉంది, అది నామమాత్రం. ఆ లోటును కీటోసెరోస్ వంటి డయాటమ్‌లు, అంటే గాజులాంటి కవచమున్న శైవలాలు, తీరుస్తాయి. కీటోసెరోస్ కాల్సిట్రాన్స్ మరీ చిన్నది కాబట్టి డి-లార్వాలకు అనువు. కొంచెం పెద్దదైన కీటోసెరోస్ ముల్లేరిని తర్వాత దశల్లో ఇస్తారు. టైసోక్రైసిస్‌ను, కీటోసెరోస్‌ను జతచేయడమే ప్రపంచంలో చాలా హేచరీల ప్రాథమిక మేత. దాని వెనకున్న తర్కం సరళం: ఒకదానిలో లేనిది రెండోదానిలో ఉంది.

పావ్లోవా లుథేరిలో రెండు కొవ్వు ఆమ్లాలూ ఉన్నాయి. పోషక విలువ చూస్తే దీనికి మించినది లేదు. కానీ వేడిని ఓర్చుకోలేదు. చల్లని దేశాల్లో మన్నుతుంది, మన తీరపు వేసవిలో ఏసీ గది లేకుండా దాన్ని కాపాడటం గగనమే. థాలసియోసిరా స్యూడోనానా అనే డయాటమ్‌లో హేచరీల్లో పేరుపడిన 3హెచ్ రకం 1958లో లాంగ్ ఐలండ్ తీరపు నీటి నుంచి వచ్చింది. మేతగా మొదలైన ఈ జాతి జన్యుశాస్త్రంలోనూ చోటు సంపాదించుకుంది. డయాటమ్‌లలో జన్యుపటం పూర్తిగా చదివిన మొదటి జాతి ఇదే, 2004లో.

టెట్రాసెల్మిస్ పెద్ద కణం, 10 నుంచి 14 మైక్రాన్లు. ఒక టెట్రాసెల్మిస్ కణం బరువు సుమారు పది ఐసోక్రైసిస్ కణాల బరువుకు సమానం. అందుకే కణాల సంఖ్యను మాత్రమే చూసి మేత కొలిస్తే లెక్క తప్పుతుంది. మిల్లీలీటరుకు 50,000 కణాలు అని రాసుకున్నప్పుడు అవి ఏ జాతివో కూడా రాయాలి. అనుభవం ఉన్న హేచరీలు అన్నింటినీ ఐసోక్రైసిస్ బరువులోకి మార్చి లెక్క కడతాయి.

ఎదుగుదలతో పాటు మారే మేత

ఫలదీకరణ జరిగిన మొదటి రోజు మేత అవసరం లేదు. గుడ్డులో తల్లి దాచి ఇచ్చిన కొవ్వు మీదే లార్వా పెంకు కట్టుకుంటుంది. ఈ నిల్వ తల్లి తిన్న తిండిని బట్టి ఉంటుంది. అందుకే లార్వాల మేత నిజానికి లార్వాలు పుట్టడానికి వారాల ముందే, తల్లి ఆల్చిప్పలను పక్వానికి తెచ్చే తొట్టెల్లో మొదలవుతుంది. అక్కడ పొదుపు చేసిన శైవలం ఖరీదు డి-లార్వాల మరణాల్లో తెలుస్తుంది.

డి-లార్వాలను సన్నని జల్లెడ మీద పట్టి, శుభ్రమైన నీటిలోకి మార్చి, మిల్లీలీటరుకు పది పదిహేను చొప్పున వదులుతారు. అప్పుడు మొదటి మేత. తహితి ఐసోక్రైసిస్ లేదా పావ్లోవా, దానితో కాల్సిట్రాన్స్ కలిపి, తొట్టె నీటిలో మిల్లీలీటరుకు 20,000 నుంచి 30,000 కణాలు ఉండేలా చూస్తారు. లెక్క ఇలా ఉంటుంది. వెయ్యి లీటర్ల తొట్టెకు మిల్లీలీటరుకు 30,000 చొప్పున 3,000 కోట్ల కణాలు కావాలి. ఆల్గే గదిలోని ఐసోక్రైసిస్ మిల్లీలీటరుకు 60 లక్షల సాంద్రతలో ఉంటే ఐదు లీటర్లు పోస్తే చాలు. అదే ఆల్గే పలుచగా, 20 లక్షల దగ్గర ఉంటే పదిహేను లీటర్లు పోయాలి. దానితో పాటు పాత మాధ్యమపు వ్యర్థాలు, బాక్టీరియా కూడా మూడింతలు తొట్టెలోకి చేరతాయి. చిక్కని ఆల్గే కోసం అంత తాపత్రయం ఎందుకో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది.

లార్వా 100 మైక్రాన్లు దాటి అంబో దశకు వచ్చేసరికి నోరు పెద్దదవుతుంది, వీలమ్ విశాలమవుతుంది, ఆకలి పెరుగుతుంది. మేత సాంద్రతను మెట్టుమెట్టుగా 50,000 దాటిస్తారు. ముల్లేరి వంటి పెద్ద డయాటమ్‌లు ఇక మింగుడుపడతాయి. 120 మైక్రాన్లు దాటాక కొద్దికొద్దిగా టెట్రాసెల్మిస్ చేర్చవచ్చు. అంతకు ముందే చేరిస్తే ఆ కణాలు తొట్టె అడుక్కు చేరి కుళ్లడం తప్ప ఉపయోగం లేదు. కంటి చుక్క దశకు ఐసోక్రైసిస్ కణాల లెక్కలో మేత మిల్లీలీటరుకు 80,000 నుంచి లక్ష దాకా చేరుతుంది. ఈలోగా లార్వాల సంఖ్యను మిల్లీలీటరుకు రెండు నుంచి ఐదుకు తగ్గిస్తారు. భారతీయ హేచరీల్లో తొట్టె సాంద్రతకు బదులు ఒక్కో లార్వాకు రోజుకు ఇన్ని కణాలు అని లెక్క కట్టే పద్ధతి కూడా ఉంది. అది కొద్ది వేల కణాలతో మొదలై అతుక్కునే దశకు పది వేల దాకా పెరుగుతుంది.

ఈ అంకెలన్నీ మార్గదర్శకాలే. తుది తీర్పు సూక్ష్మదర్శినిది. మేత వేసిన కాసేపటికి తొట్టెలోంచి కొద్ది నీరు తీసి గాజు పలక మీద చూస్తే, తిన్న లార్వా కడుపు బంగారు గోధుమ రంగులో నిండి ఉంటుంది. పారదర్శకమైన పెంకు లోపల జీర్ణాశయంలో కణాల ముద్ద గిర్రున తిరుగుతూ కనిపిస్తుంది. జీర్ణగ్రంథి చుట్టూ నూనె బొట్లు మెరుస్తుంటాయి. కడుపు తెల్లగా, ఖాళీగా ఉండి, వీలమ్ ముడుచుకుని ఉందంటే మేత చాలకపోయి ఉండాలి, లేదా మేతలోనో నీటిలోనో ఏదో చెడి ఉండాలి. ఇంతకంటే విశ్వసనీయమైన పరీక్షను ఏ యంత్రమూ ఇంకా ఇవ్వలేదని నా అభిప్రాయం.

అతిగా మేపడం కూడా ప్రమాదమే, తక్కువ మేపడం కంటే తొందరగా చంపుతుంది. తినకుండా మిగిలిన కణాలు కుళ్లి విబ్రియో జాతి బాక్టీరియాకు ఆధారమవుతాయి. విబ్రియో ఒకసారి పట్టిందంటే ఒకటి రెండు రోజుల్లో తొట్టె మొత్తం అడుక్కు చేరిపోవచ్చు. కాబట్టి రోజు విడిచి రోజు నీరంతా జల్లెడల మీదుగా వదిలి, తొట్టె కడిగి, లార్వాలను సైజుల వారీగా వేరు చేసి మళ్లీ వదులుతారు. కంటి చుక్క వచ్చినవి సుమారు 240 మైక్రాన్ల జల్లెడ మీద నిలుస్తాయి. మరీ వెనుకబడిన వాటిని పారేయడమే మేలు. వాటిని బతికించాలని ఖర్చుపెట్టే మేత ముందున్నవాటి నోటి నుంచి తీసిందే అవుతుంది.

అతుక్కునే ఘట్టంలో కొవ్వు మళ్లీ కీలకమవుతుంది. లార్వా తన ఎడమ పెంకును సిమెంటు వంటి స్రావంతో ఆధారానికి అతికించుకుని రూపాంతరం చెందుతుంది. ఆ రెండు మూడు రోజుల్లో వీలమ్ కరిగిపోతుంది, దాని పని అందుకోవలసిన మొప్పలు ఇంకా పూర్తికావు. అంటే తినే అవయవం లేదు. అప్పటిదాకా దాచుకున్న కొవ్వే దిక్కు. చివరి వారంలో మంచి మేత అందని లార్వాలు అతుక్కున్నట్టే అతుక్కుని చనిపోవడం ఇందువల్లనే. చివరి దశలో రకం ముఖ్యం, పరిమాణం తర్వాత.

ఆల్గే గది

శైవలాల పెంపకం చిన్న గాజు ఫ్లాస్కుతో మొదలవుతుంది. అక్కడి నుంచి పెద్ద ఫ్లాస్కు, ఇరవై లీటర్ల కార్బాయ్, ఆపై వందల లీటర్ల పాలిథీన్ సంచి లేదా ఫైబర్ తొట్టె. ప్రతి మెట్టులోనూ ముందరి దాన్ని విత్తుగా వాడతారు. నీటిని వడకట్టి, వేడితోనో క్లోరిన్‌తోనో అతినీలలోహిత కాంతితోనో శుద్ధి చేస్తారు. ఎఫ్/2 మాధ్యమంలో లీటరుకు 75 మిల్లీగ్రాముల సోడియం నైట్రేట్, 5 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ లవణం, అతి సూక్ష్మ మోతాదుల్లో ఇనుము, మాంగనీసు వంటి లోహాలు, బి12, బయోటిన్, థయామిన్ విటమిన్లు ఉంటాయి. డయాటమ్‌లకు గాజులాంటి కవచం కట్టుకోవడానికి సిలికేట్ అదనంగా కలపాలి. ఐసోక్రైసిస్‌కు ఆ అవసరం లేదు. గాలి బుడగలతో కొద్దిగా కార్బన్ డయాక్సైడ్ పంపితే పీహెచ్ అదుపులో ఉంటుంది, పెరుగుదల వేగం పుంజుకుంటుంది.

కణాలు మొదట కొత్త నీటికి అలవాటుపడి, తర్వాత రెట్టింపులు రెట్టింపులుగా పెరిగి, పోషకాలు, వెలుగు తరిగాక నిలకడకు వచ్చి, చివరికి చస్తాయి. మేతకు కోయవలసింది రెట్టింపు దశ చివర్లో. రంగు ముదురుగా ఉంది కదా అని రెండు రోజులు ఆగితే కణాల సంఖ్య పెరగదు, పోషక విలువ మారుతుంది, బాక్టీరియా వాటా పెరుగుతుంది. ముదిరిన ఆల్గేను మేపిన తొట్లలో లార్వాలు కారణం తెలియకుండా చనిపోయాయంటే ముందుగా చూడవలసింది ఆ సంచి వయసు.

లెక్కింపుకు రక్తకణాలను లెక్కపెట్టే హీమోసైటోమీటర్ పలకే వాడతారు. ఒక చుక్క లూగాల్స్ అయోడిన్ వేస్తే ఈదే కణాలు ఆగిపోతాయి. ఒక మిల్లీమీటరు చదరంలో సగటున 600 కణాలు కనిపిస్తే, దాన్ని 10,000తో హెచ్చించగా మిల్లీలీటరుకు 60 లక్షలు. ఈ పని రోజూ చేయాలి. రంగు చూసి అంచనా వేసే హేచరీలు కొన్నాళ్లు బాగానే నడుస్తాయి, ఆపైన ఒక వారం అన్ని తొట్లూ ఒకేసారి దెబ్బతింటాయి.

మేతతో తీరని సమస్య

అమెరికా పసిఫిక్ తీరంలో ఒరెగాన్ రాష్ట్రపు నెటార్ట్స్ ఖాతం ఒడ్డున ఉన్న విస్కీ క్రీక్ హేచరీలో 2007, 2008 ప్రాంతాల్లో లార్వాలు పెద్ద ఎత్తున చనిపోయాయి. మొదట విబ్రియోను అనుమానించి నీటి శుద్ధిని బలపరిచారు. అయినా మరణాలు ఆగలేదు. చివరికి హేచరీకి చెందిన అలాన్ బార్టన్, ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కలిసి అసలు కారణం పట్టుకున్నారు. సముద్రపు అడుగు నుంచి పైకి వచ్చే చల్లని నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, పెంకు కట్టుకోవడానికి కావలసిన కార్బనేట్ తక్కువ. ఈ ఫలితం 2012లో వెలువడింది. తొలి పెంకును కట్టుకునే మొదటి రెండు రోజుల్లో లార్వా ఇంకా తినదు, లేదా అప్పుడే మొదలుపెడుతుంది. ఉన్న శక్తి అంతా గుడ్డులోదే. నీరు ఆమ్లంగా ఉంటే అదే పెంకుకు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, తొలి మేత అందేలోపే నిల్వ అడుగంటుతుంది. ఎంత మంచి ఐసోక్రైసిస్ పోసినా ఆ లోటు పూడదు. హేచరీ నీటి రసాయనాన్ని నిరంతరం కొలవడం మొదలుపెట్టి, అవసరమైనప్పుడు సోడా యాష్ కలిపి క్షారత పెంచాక ఉత్పత్తి కోలుకుంది. లార్వాల పోషణ గురించి ఆలోచించే ప్రతివారూ చదవవలసిన అనుభవం ఇది.

ఖర్చు, ప్రత్యామ్నాయాలు

1990ల తొలినాళ్లలో కుటో, సార్జెలోస్ అనే పరిశోధకులు అంతర్జాతీయ స్థాయిలో చేసిన సర్వే ప్రకారం ఆల్చిప్ప జాతుల సీడ్ (సాగుకు వాడే పిల్లల) ఉత్పత్తి ఖర్చులో శైవలాల వాటా సగటున 30 శాతం. అందుకే ఈస్ట్, ఎండబెట్టిన శైవలాల పొడి, కొవ్వు నింపిన సూక్ష్మ గుళికలు, సెంట్రిఫ్యూజ్ చేసి చల్లగా నిల్వ ఉంచిన ఆల్గే పేస్టు ఇలా ఎన్నో ప్రయత్నించారు. వీటిలో గాఢ పేస్టు ఒక్కటే నికరంగా నిలబడింది. అదీ కొంత భాగానికి బదులుగా, లేదా సంచి చెడిపోయిన రోజు గండం గట్టెక్కడానికి. చనిపోయిన కణం ఈదదు, అడుక్కు దిగుతుంది, లోపలి పోషకాలు నీటిలోకి కారిపోతాయి. ముఖ్యంగా డి-లార్వా దశలో తాజా శైవలానికి పూర్తి ప్రత్యామ్నాయం ఇంకా రాలేదు.

ఆధారానికి అతుక్కున్నాక తిండి అవసరం ఇంకా పెరుగుతుంది. పిల్ల ఆల్చిప్పలకు వారానికి వాటి సజీవ బరువులో గ్రాముకు 0.4 గ్రాముల ఎండు శైవలం చొప్పున ఇవ్వాలన్నది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2004లో ప్రచురించిన హేచరీ చేతిపుస్తకంలోని ప్రమాణం. హేచరీ గోడల మధ్య ఇంత మేత పెంచడం గిట్టుబాటు కాదు కాబట్టి పిల్లలను వీలైనంత త్వరగా సహజ సముద్రపు నీటి నర్సరీలకు చేరుస్తారు. అమెరికా పసిఫిక్ తీరంలో కంటి చుక్క లార్వాలనే తడిగుడ్డలో మూటకట్టి చల్లటి పెట్టెల్లో రైతులకు పంపుతారు. అతికించుకునే పని రైతు తన తొట్టెల్లోనే చేసుకుంటాడు.

మన దేశంలో

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులోని తూత్తుకుడి కేంద్రంలో 1973లో ముత్యాల ఉత్పత్తి సాధించింది. సముద్రంలో గాలించి తెచ్చే ముత్యపు చిప్పల మీద ఆధారపడితే ఆ పరిశ్రమ నిలవదని గ్రహించి హేచరీ వైపు దృష్టి పెట్టింది. 1981లో అక్కడే ముత్యపు చిప్ప సీడ్ తొలిసారి తయారైంది. తినే ఆల్చిప్ప మద్రాసెన్సిస్ సీడ్ ఉత్పత్తి కూడా ఆ కాలంలోనే ఒక కొలిక్కి వచ్చింది. ఈ రెంటికీ ప్రధాన మేత ఐసోక్రైసిస్ గాల్బానాయే. కేరళ వెనుకజలాల్లో నడుస్తున్న ఆల్చిప్పల సాగు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా నీటిలో సహజంగా దొరికే పిల్లల మీదే ఆధారపడుతోంది.

ఆంధ్ర తీరంలో భీమునిపట్నం, కాకినాడ ప్రాంతపు ఉప్పునీటి కయ్యల్లో మద్రాసెన్సిస్ సహజంగా పెరుగుతుంది. విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఉంది. వీటిని మించిన బలం మరొకటుంది. విశాఖ నుంచి నెల్లూరు దాకా తీరం వెంబడి ఉన్న రొయ్యల హేచరీల్లో ఆల్గే సెక్షన్ లేనిది ఉండదు. రొయ్య లార్వాకు జోయియా అనే తొలి దశలో కీటోసెరోస్, స్కెలిటోనీమా, థాలసియోసిరా పెంచి మేపే పనిలో ఆరితేరిన తెలుగు టెక్నీషియన్లు ఇక్కడ ఉన్నారు. తేడా ఏమిటంటే రొయ్య పిల్లకు ఆల్గే అవసరం ప్రధానంగా కొద్ది రోజులే, ఆ తర్వాత మేతగా ఆర్టీమియా అనే చిన్న జలజీవి వస్తుంది. ఆల్చిప్పకు పుట్టుక నుంచి రెండు మూడు వారాలూ ఆల్గే తప్ప వేరే తిండి లేదు. అందులో సగం కీటోసెరోస్ వంటి తెలిసిన సరుకే. కొత్తగా నేర్చుకోవలసింది ఐసోక్రైసిస్ వంటి గోడలేని సున్నితమైన కశాభజీవులను వేసవి వేడిలోనూ చెడకుండా నిలబెట్టడం.

మన తీరంలో ఆల్చిప్పల హేచరీ పెట్టాలనుకునేవారు తల్లి ఆల్చిప్పల కోసం వెతకడానికి ముందు ఆ పని మొదలుపెట్టండి. తహితి ఐసోక్రైసిస్, కాల్సిట్రాన్స్ రెంటినీ ఒక పూర్తి వేసవి పాటు, రోజూ లెక్కపెడుతూ, ఒక్కసారీ తెగిపోకుండా నడపగలిగితే లార్వాలను తొట్టెలోకి వదలండి.